ఎడమ చెవి మీద గాటు

లియెపాయలో గాలికి వేరే పని లేదు,
పొద్దుట్నించీ అదే కిటికీ తడుతుంది.
రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగొచ్చి
విజ్మ చేతులు రెండుసార్లు కడుక్కుంటుంది,
ఒకసారి పిండి పోవడానికి,
ఒకసారి ఊరికే.
ఆ తర్వాతే పలక మీద గీత.

నక్క మూతి.
రెక్కలు సీతాకోకవి కాదు, దీపప్పురుగువి,
అంచులు కాస్త కాలినవి.
కాళ్ళకి ఎర్ర ఊలు మేజోళ్ళు, ఒకటి జారిపోయింది.
తోకలో దాచుకున్న లాంతరు.
పేరున్న వీరుల్నే అందరూ మళ్ళీ మళ్ళీ గీసుకునే చోట
ఇది ఎవరి కథలోంచీ ఊడిపడని ముఖం.
చివర్లో ఎడమ చెవి కొసన
చిన్న గాటు పెట్టింది.
రేవులో ఇనుప తాడు తెగిన రోజు నుంచీ
వాళ్ళ నాన్న చెవి అలాగే ఉండేది.

కింద రాసింది:
దత్తతకు. ఒక్కటే ఉంది.
పాట పది యూరోల నుంచి, పెంచితే రెండేసి.
నలభై ఇస్తే బేరం లేకుండా తీసుకుపోవచ్చు.
పేరు మీ ఇష్టం. ఆడో మగో మీ ఇష్టం.
కథలో చంపుకున్నా మీ ఇష్టమే.
అమ్మాక నేను దీన్ని మళ్ళీ గీయను.

ఆ ఆఖరి వాక్యం అందరూ రాసేదే,
ఉప్పు పొట్లం మీద
తడి తగలనివ్వకండి అన్నట్టు.

'కొన్నవాళ్ళు ఏం చేసుకుంటారే దాన్ని?
తింటారా, తొడుక్కుంటారా?' అంటుంది
పక్క బల్ల దగ్గర పిండి పిసికే స్కైద్రీతె.
విజ్మకి జవాబు తెలియదు.
గది వెచ్చబెట్టిన బిల్లు ముప్ఫై ఎనిమిదని మాత్రం తెలుసు.

పన్నెండన్నారు ఎవరో. పద్నాలుగు.
తర్వాత రెండు గంటలు ఎవరూ ఏమీ అనలేదు.
టీ చల్లారింది.
అప్పుడు, ఉరుగ్వేలో ఏదో ఊరి నుంచి
ఎవెలియో అనే అతను,
నలభై.

పెద్ద బొమ్మ పంపింది, సంతకం తీసేసి.
అతను పొంగిపోయాడు. మా ఆటలో ఓడ వంటవాణ్ణి చేస్తానన్నాడు.
ఆనక మొహమాటంగా ఇంకో ముక్క:
ఎడమ చెవి దగ్గర గీత తెగినట్టుంది,
సరిచేసుకోనా?

ఏదో రాసింది. చెరిపింది.
మళ్ళీ రాసింది, ఈసారి పొడుగ్గా,
అందులో రేవు కూడా ఉంది.
అదీ చెరిపింది.
'నీదే కదా' అని పంపింది.

మన భాషలో అమ్మా అమ్మకమూ
ఒకే గుమ్మంలోంచి తొంగిచూస్తాయి.
వాళ్ళ భాషలో అవి ఎరగని వాళ్ళు.
ఆమెకి ఆ మాత్రం ఆసరా కూడా లేదు
ఏం చేసిందో చెప్పుకోవడానికి.

మూడు వారాలకి కనిపించింది.
పేరు తోమాసట. నడుముకి గుడ్డ.
లాంతరు మీద సూప్ గిన్నె పెట్టాడు, ఎంత తెలివి!
చెవి నున్నగా, గుండ్రంగా.
నోరంతా తెరిచి నవ్వుతోంది.
దానికి పళ్ళున్నాయని
ఇన్నాళ్ళూ విజ్మకి తెలియదు.
ఆ పళ్ళనే చాలాసేపు చూసింది.

మర్నాడు తెల్లవారుజామున ట్రాములో
అద్దం నిండా ఊపిరి మంచు.
వేలు దానంతటదే కదిలింది.
మూతి. రెక్క. జారిన మేజోడు.
గోటితో, చెవి కొసన, గాటు.
చుట్టూ చూసింది
టిక్కెట్టు లేనిదానిలా.

కాలవ వంతెన దాటాక దిగాలి.
తుడిచేద్దామని చెయ్యెత్తేలోపు
చేపల బుట్టతో ఒక ముసలాయన వచ్చి
ఆ సీట్లోనే కూలబడ్డాడు.
కోటు భుజం అద్దానికి రాసుకుని
బొమ్మంతా పోయింది,
చెవి తప్ప.