అంటు

పాకాల ప్యాసింజర్ దిగి నేరుగా వచ్చాడు చెంగల్రాయుడు,
గోళ్ల కింద ఎర్రమన్ను,
బొటనవేలి మీద అంటుకత్తి చేసిన పాత గీత.
తిరుపతి పెద్దాసుపత్రి, ఏఆర్‌టీ గది.
నెలమాత్రల డబ్బా మూత తిప్పుతూ అడిగాడు:
"ఇంత చిన్న పురుగు, మేడమ్,
మనిషి లోపలికి ఎట్ల దూరింది?
దోవ ఎవురు చూపించినారు?"

చీటీ వెనక పెన్నుతో గుండ్రంగా ఓ కణం గీశాను.
వైరస్ దాదాపు వట్టి చేతుల్తో వస్తుందన్నాను,
తొమ్మిది జన్యువుల చిన్న మూట.
కాపలావాళ్లు ఆనవాలు పట్టకుండా
దాని పెంకు మీద శాలువా కప్పేది మన ప్రోటీనే.
కేంద్రకం గడప దాటించేదీ మనదే.
లోపల, పొడుగాటి డీఎన్‌ఏ దారంలో
ఎక్కడ పనులు జోరుగా సాగుతుంటాయో అక్కడికి
చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టేది
పీ డెబ్బైఐదు అనే ఇంకో ప్రోటీన్.
ఆ పేరు చెప్పేటప్పుడు నాకెప్పుడూ
బస్సు నంబరు చెప్పినట్టుంటుంది.

ఆఖరికి వైరస్ కోసిన కోత,
ఆ కోతలో మిగిలిన సందు,
దాన్నీ మనవాళ్లే పూడుస్తారు,
దెబ్బ తగిలిందనుకుని, పాపం, పరిగెత్తుకొచ్చి.

అతను నవ్వలేదు.
"మేమూ అంతే మేడమ్.
నాటుమొక్క తల కోసి, చీల్చి,
బెంగుళూరా పుల్ల దించి పట్టీ చుడతాం.
కట్టేది నేను. అతికించేది నా వల్ల గాదు.
గాయం మాన్పుకోవాలని చెట్టుకుండే ఆత్రం ఉంది చూడు,
అదే అతికించేది.
ఆ పైన వేరు నాటుదే, నీళ్లు తోడేదీ నాటుదే,
కాయ మాత్రం బెంగుళూరాది."

పదకొండేళ్లుగా ఈ బల్ల దగ్గర ఇదే చెప్తున్నాను.
ఆత్రం అనే మాట నాకెప్పుడూ తట్టలేదు.

"ఆ చెయ్యి పట్టుకుని పొయ్యేదాన్ని తీసేస్తే పోలా?"
అది నీదే కదయ్యా, దానికి వేరే పనులున్నాయి.
ఈ మాత్ర వైరస్ కత్తిని పట్టుకుంటుంది,
కొత్త కోత పడనీదు.
"ముందే అతుక్కున్నెవో?"
పెన్నుకు మూత పెట్టాను. తీశాను.
అవి ఉంటాయి, నిద్రలో.
మాత్ర మానితే చిగురేస్తాయి.

తలాడించాడు, ఈ ఏడు పూత తక్కువంటే విన్నట్టు.
పోతూ పోతూ సంచిలోంచి
నల్ల కవర్లో మొక్కొకటి తీసి కిటికీలో పెట్టాడు.
"నాలుగు వారాలు పట్టీ విప్పొద్దు మేడమ్.
చూడాలని మనసు పీకతాది. విప్పొద్దు."

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.