ఠ లో చుక్క

మింట్ స్ట్రీట్ పాత సామాన్ల కొట్లో
తూకానికి దొరికాయి మూడు చెక్క అచ్చులు.
ఒక శ్రీ, ఒక శు, ఒక భ.
ఏదో శుభలేఖల ప్రెస్సు మూసేసినప్పటివి.
భ పొట్టలోంచి ఒక తీగ బయల్దేరి
తలకట్టు దాకా పాకి
అక్కడ మొగ్గ తొడిగింది.
చెక్కిన చెయ్యెవరిదో ఎక్కడా లేదు.

ఆ మూడింటి నుంచే మిగతావన్నీ పండించాలి నేను.

రాయపేటలో మేడమీద గది, మే నెల,
ఫ్యాను గాలికి లేచిపోయే కాగితాల మీద ఉప్పుజాడీ.
క సులువుగా లొంగింది. ఖ మొరాయించింది.
ఘ లో పువ్వు ఎక్కడ పెట్టినా కాలికి తగిలింది.
ఒత్తులేమో పై బెర్తు పిల్లల్లా
కింది వరస నెత్తిన కాళ్ళాడించాయి.

జాజితీగ అని పేరు పెట్టాను.
శీర్షికలకు మాత్రమే వాడండి అని రాశాను,
ఈ అక్షరాలతో పేరాలు కూర్చకండి,
పట్టుచీర కట్టుకుని అంట్లు తోమరు కదా.

ఠ వంతు వచ్చేసరికి రాత్రి రెండు.
ర గీసి లోపల చుక్క పెడితే ఠ.
ర కడుపు నిండా అప్పటికే తీగ.
చుక్కకు చోటేదీ?
పెళ్ళిళ్ళలో ఠ ఎవరికి కావాలి, అనుకున్నాను.
మొగ్గనే చుక్క అనుకుంటార్లే, అనుకున్నాను.
పడుకున్నాను.

ఏడాదిన్నర.
మైసూర్‌పాక్ డబ్బా మీద చూసుకున్నాను నా తీగని,
చీరల కొట్టు సంచి మీద,
ఒకసారి ఆటో వెనక, అమ్మ దీవెన అని.

నిన్న ట్రిప్లికేన్‌లో, పెద్ద వీధి మలుపున
కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ.
నల్ల అంచు, చామంతి దండ, బట్టతల పెద్దాయన.
పైన తమిళం, కింద తెలుగు.
ఆ తెలుగు నాది.
కన్నీటి అంజలి అన్న మాట
ఒళ్ళంతా పూలు పూసుకుని నవ్వుతోంది.
చావింటికి జరీ అంచు కట్టుకుని వెళ్ళినట్టు
సిగ్గేసింది.

దాని కింద, రోడ్డు ఇవతలి నుంచి చదివితే,
శరగోపం నాయుడు గారు.

శఠగోపం కదూ!
గుళ్ళో తలమీద పెట్టే దీవెన పేరు.
ఆ పేరుకే నేను శఠగోపం పెట్టాను.

రోడ్డు దాటి దగ్గరికెళ్ళాను.
అక్షరం నడుమ, తీగ మీద,
ఎవరో అంటించిన నల్ల స్టిక్కర్ బొట్టు.

ఫ్లెక్సీ కొట్టు ధనశేఖర్‌కి తెలుగు రాదు.
ఫోన్లో వచ్చిన మాటలు పెట్టి
అందమైన ఎళుత్తు ఎంచానన్నాడు, గర్వంగానే.
ఆ ఇంటి పిల్లలకి తెలుగు నోటికొచ్చు, కంటికి రాదు.
చదవగలిగేది పోయినాయన అక్కగారు ఒక్కరే.
ప్రూఫు ఆమెకెవరు చూపిస్తారు?
పొద్దున్నే వచ్చి కింద నిలబడిందట.
మనవరాలిని స్టూలెక్కించి,
నీ నుదుటిది తియ్యి, అక్కడ పెట్టు, లోపల,
కొంచెం కుడికి, అందట.
ఆ పిల్లకి అది అక్షరమని తెలుసు.
ఏ అక్షరమో తెలీదు.

రాత్రి ఫైలు తెరిచాను.
ఠ లోంచి తీగ పీకేశాను. బోడిగా ఉంది.
చుక్క పెట్టాను.
కొంచెం కుడికి.

మూసెయ్యబోతూ ఆగాను.
థ కడుపులో కూడా ఒక చుక్క ఉండాలి.
వెతికాను. లేదు.
ఇన్ని శుభలేఖలు తిధి అనే వెళ్ళిపోయాయన్నమాట,
ఒక్కరూ అడగలేదు.