నేపథ్య శబ్దం

ఆషాఢం ముసురు. నల్లకుంటలో మా రెండో అంతస్తు గది.
అట్టపెట్టెలోంచి సీడీలు ఒక్కొక్కటే తీసి
పాత బనీను గుడ్డతో తుడిచి
కంప్యూటర్ నోట్లో పెడుతున్నాను.
అది కాసేపు గుర్రుమని
"ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు, గాయకుడు తెలియదు" అంటుంది.
తెలియకపోవడమేమిటి?
అట్ట మీద అంగవస్త్రం సర్దుకుంటూ నవ్వుతున్నాడుగా!

పార్క్‌లేన్‌లో ఫరీద్ భాయ్
నాలుగు టెరాబైట్ల డిస్కు చేతిలో పెడుతూ అడిగాడు:
"మొత్తం పాటలేనా సాబ్? ఎన్ని జన్మలకి?"
మా ఇంట్లోనూ అదే ప్రశ్న.
భాయ్ అయితే బిల్లులో వంద తగ్గించాడు.

తోడికి ఒక సీడీలో తకారం పక్కన హెచ్ ఉంది, ఇంకోదాన్లో లేదు.
శహాన మూడు స్పెల్లింగులతో మూడు కాపురాలు పెట్టింది.
బేగడ దారితప్పి కళాకారుల పట్టీలో కూర్చుంది.
బేగడ గారి ఆల్బములు: ఒకటి.
ఆలాపన ఒక పాటట, కృతి ఇంకో పాటట, తని మరొకటట,
నడుమ రెండు సెకన్ల నిశ్శబ్దం,
విద్యానగర్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయినట్టు.
ఏ రకం సంగీతమని ఒక గడి.
దానంతట అదే "ప్రపంచం" అని నింపేసుకుంది.
ఏ ప్రపంచం, నాయనా?

కలగాపులగంగా వాయించమంటే
పొద్దున ఏడింటికే మంగళం ఎత్తుకుంది.
వకుళ గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది:
"కచేరీ అయిపోయిందా? ఇడ్లీ ఇంకా ఉడకలేదు."

సీడీల తరవాత కేసెట్లు.
అవి నావి కావు, కింది వాటాలో చూడామణి గారివి.
ముప్పయ్యేళ్లు ఊళ్లో సభలన్నిటా
పాడేవాళ్ల వెనక కూర్చుని తంబురా మీటిన మనిషి.
బిస్కెట్ డబ్బాలో పందొమ్మిది.
అట్టల మీద పెన్సిలు రాత:
"చిక్కడపల్లి. ముఖారి బాగుంది. ఆటో దొరకలేదు."
"సికింద్రాబాద్. కరెంటు పోయింది. ఆయన ఆపలేదు."
ఏ తేదీ లేదు.
కరెంటు పోయిన ఏడంటే ఏ ఏడని రాయను?

విన్నాను.
పాడేవాడు గోడ అవతలెక్కడో ఉన్నాడు,
వయొలిన్ సందు చివర.
మృదంగం, పక్కింటి తలుపు ఎవరో తట్టినట్టు.
చెవికి ఆనించి పెట్టినంత దగ్గరగా తంబురా.
ఒళ్లో, పైట కింద దాచిన
బ్యాటరీ టేప్‌రికార్డరు మరి.
దాని లెక్కలో ఆ సాయంత్రం కచేరీ ఆవిడదే.

సాఫ్ట్‌వేర్ తెలివైనది, ఇట్టే పసిగట్టింది:
"నిరంతర నేపథ్య శబ్దం ఉంది. తొలగించమంటారా?"
నమూనాకి పది సెకన్లు తొలగించి వినిపించింది కూడా.
గొంతు కడిగిన పళ్లెంలా ఉంది.
కాలు ఆన్చుకోవడానికి నేల లేదు, అంతే.
వద్దన్నాను.
ప్రతి కేసెట్‌కీ అడిగింది,
పందొమ్మిది సార్లూ వద్దన్నాను.

గాయకుడికి గడి ఉంది, స్వరకర్తకి ఉంది,
చేతికర్ర ఊపేవాడికీ ఉంది, మన కచేరీలో వాడే లేకపోయినా.
తంబురాకి లేదు.
ఒకటి కొత్తగా చేర్చి ఆవిడ పేరు కొట్టాను.
"ణి" పడటానికి మూడుసార్లు తిప్పలు పడ్డాను.

మా వైఫై మెట్ల మలుపు దాకానే అందుతుంది.
రాత్రి ఎనిమిదికి చూడామణి గారు నాలుగో మెట్టు మీదకొచ్చి కూర్చున్నారు.
ఫోన్‌లో పేరు చూపించాను.
"కళ్లజోడు తేలేదు నాయనా, పెట్టు, విందాం" అన్నారు.
విన్నారు. వేళ్లు మోకాలి మీద కదిలాయి,
ఒకచోట ఆగాయి.
"రెండో సారణి కాస్త దిగింది.
ఆయనకి తెలిసింది. వెనక్కి తిరగలేదు, పాపం."

ఏ సంవత్సరమండీ అనడిగాను.
"ఏమో. ఆటోవాళ్లు మీటరు మీద వచ్చే రోజులు."

ఆ గడిలో అంకెలు తప్ప పట్టవట.
వ్యాఖ్యల కింద రాసి దాచాను.