పద్దెనిమిదో పేరు

ఏడున్నరకే మొదలు.
మోగదు, వణుకుతాది.
సౌండు తీసేసి పది దినాలాయ, అయినా
బీరువా మీద పెడితే చలిజ్వరమొచ్చినట్టు
కిటికీదాకా జరుగుతాది.
అందుకే మడిచిన జీన్సుగుడ్డ మీద పండబెట్టినా.
మందం గుడ్డ.
ఎంత చప్పుడైనా మింగుతాది.

"ఓబుళపతేనా మాట్లాడేది?"
ఒకడు మర్యాదగా.
ఇంకొకడు పేరును నడుముకాడికి విరిచి.
మధ్యాన్నం ఒక ఆడగొంతు,
మనిషి కాదు, నింపిపెట్టిన గొంతు,
నేనేం చెప్పినా ఆఖర్న ధన్యవాదాలంటాది.
దానికొక్కదానికే
ఉన్నదంతా ఉన్నట్టు చెప్పుకున్నా.

వకీలు రెడ్డెప్ప ఒక వాక్యం నేర్పిచ్చినాడు.
కరెంటు బిల్లు ఎనకాల రాసి
మిషను తలకాయకి అంటిచ్చినా:
"కోర్టులో ఐపీ వేస్తాండాను.
మా వకీలు నెంబరు రాసుకోండి."
అంతే.
ఆపైన ఒక్క మాట పలికినా నీదే తప్పు, అన్నాడు.
మొదటి దినం ఆ వాక్యం
సూదికాడ దారం తెగినట్టు తెగింది,
సరిగ్గా ఐపీ కాడ.
మా రాయదుర్గంలో ఆ రెండక్షరాలు
మనిషి పోయినాక గూడా సందుకు మిగుల్తాయి.
ఐపీ సుంకన్నోళ్ల సందు యాడని అడుగు,
గోలీలాడే పిల్లోడు గూడా చూపిస్తాడు.
సుంకన్నను చూసినోడు మాత్రం ఒక్కడూ లేడు.

నాగరత్న ఒక లెక్క పెట్టింది,
పాప నోటుబుక్కులో మిగిలిన కాయితాల మీద.
ఎనిమిదీ పది: తిట్టినాడు.
తొమ్మిదీ అయిదు: తిట్టలేదు.
పదకొండు: పాప బడి పేరు అడిగినాడు.
వకీలు తిరగేసి, ఇవి పనికొస్తాయమ్మా అన్నాడు.
తిట్లు గూడా పనికొస్తాయని
ఇన్నాళ్లూ తెలీకపాయ.

నిన్న రాత్రి జాబితా రాయను కూచున్నాం.
ఒక్కటి దాచినా కోర్టు నమ్మదంట.
మిషన్లకిచ్చిన బ్యాంకు.
ఫోన్లోనే ఇచ్చి ఫోన్లోనే పీక్కుతినే యాప్‌లు, నాలుగు.
బళ్లారి గుడ్డల సేటు, జిప్పుల షాపు,
చీటీల నరసమ్మ.
"నాది రాయొద్దులే బావా" అన్నాడు బామ్మర్ది.
వాన్నీ రాసినాం.
పదిహేడుకాడ నాగరత్న పెన్ను మూత పెట్టింది.

నేను లేచి కడవలో నీళ్లు తాగొచ్చి
"కుళ్లాయప్ప" అన్నా.

ఎనకజేబులు కుట్టేవాడు.
జేబు మీద ఆ రెండు వంపులు
గీత లేకుండా, కొలత లేకుండా,
వెయ్యి ప్యాంట్లకు వెయ్యీ ఒకే తీరు.
పదకొండు వారాల కూలి బాకీ.
ఆఖరి శనివారం బాబిను పెట్టె మూసి
"ఉన్నప్పుడియ్యన్నా" అని చెప్పులేసుకున్నోడు
మళ్లా ఒక్కసారి ఫోను చెయ్యలేదు.

చేసినోళ్లకు చెప్పను వాక్యముంది.
చెయ్యనోడికి ఏం చెప్పాల?

"ఎంతని రాసేది?" అనింది.
వారానికెన్ని జేబులో
ఆ లెక్క వాని తలకాయలోనే ఉంటాది.
పొద్దున ఎవరికన్నా ముందు
గుడ్డమీది ఫోను నేనే తీసినా.
ఒక రింగు, రెండు, నాలుగు.
అవతలింట్లో ఇదెట్ల వినపడతాదో
అప్పుడు తెలిసొచ్చింది.

ఎత్తినాడు. ఎనకాల మిషన్ల రొద.
నేను నోరు తెరిచేలోపలే
"అన్నా, నాకాడ గూడా లేవన్నా ఇప్పుడు."

"అడగనుకి చెయ్యలేదు రా.
నేను నీకు ఎంతియ్యాలో చెప్పు."

రొద ఆగింది. వాడే ఆపినట్టుంది.
"పంతొమ్మిది వేల ఎనిమిదినూర్లు.
టీలకు తీసుకున్న నలభై పోను
పంతొమ్మిది వేల ఏడునూట అరవై."

నాగరత్న నా మొగం చూసింది.
నలభై తియ్యొద్దు అన్నా.
పూర్తిగా రాసింది. పద్దెనిమిది.

చేతిలోనే వణికింది ఫోను.
ఎనిమిదీ పది.
"ఓబుళపతేనా?"
"అవును.
రాసుకో."