జేబులు

ఈ బ్లాకులో అందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి.
ఎలిసోవి మూడు పేజీలు.

మొదటిది, కరెంటు లేని ఏడాదిది.
తిబిలిసి మొత్తం చీకట్లో దగ్గుతోంది.
కిరసనాయిల్ దీపం పక్కన చేతులు చాపి నిలబడింది
పదిహేడేళ్ళ పిల్ల,
ఎముకల మీద చలి, చలి మీద వాళ్ళ నాన్న కోటు.
నడుము అరవై ఒకటి.
"అరవై అని రాయి లమారా పిన్నీ,
మిలాన్‌లో వాళ్ళు కాగితాన్నే నమ్ముతారట."
రాశాను.
ఆ ఒక్క అంకే నా పుస్తకంలో పెన్సిలుతో ఉంది.

అక్కడ ఆమెకు పేరు లేదట, పద్నాలుగో నంబరట.
కోట్లకు జేబులుండేవట గానీ
కుట్టేసి ఉండేవట,
చెయ్యి దూరిస్తే వాలు చెడుతుందని.
నాలుగేళ్ళు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
ఒక పెట్టెతో, రెండు ఇటలీ తిట్లతో
గ్ల్దానీలో మా మెట్ల ముందు దిగింది.
లిఫ్టులో వెయ్యడానికి చిల్లర లేదు.
ఎత్తు మడమల చెప్పులు చేత్తో పట్టుకుని
తొమ్మిది అంతస్తులు ఎక్కింది.

రెండో పేజీ రాణిది.
కర్టెన్ గుడ్డతో గౌను కుట్టాను.
మూడే మాటలు ఆమెకి,
మొదటి రాత్రి రెండు మర్చిపోయింది.
మూడోది, "తలుపు వెయ్యండి",
ఎంత బాగా చెప్పిందంటే
వెనక వరసలో ముసలాయన లేచి
నిజంగానే వెళ్ళి తలుపు వేసొచ్చాడు.

తర్వాత టీవీ సీరియల్.
నాలుగో భాగంలోనే చంపేశారు.
మిగతా అరవై భాగాలూ
గోడ మీద ఫోటోగా నటించింది,
ఫోటోకి డబ్బులివ్వలేదు.
మార్ష్రూట్కాలో ఎవరో ముసలావిడ
చెయ్యి పట్టుకుని, "ఎంత చిన్న వయసులో పోయావే తల్లీ" అని ఏడిస్తే
దిగాల్సిన చోట దిగకుండా
ఆవిడనే ఓదార్చిందట.

నలభై దాటాక ఓరోజు సూది అడగడానికొచ్చింది.
బట్టల సూది కాదు, రికార్డు ప్లేయరు సూది.
మా ఆయన వజా పోయాక అటకెక్కించిన పెట్టెది.
సూది కోసం సోదికెళ్తే అన్నట్టు
పాత గుట్లన్నీ బయటపడ్డాయి:
నేనొకప్పుడు పాడేదాన్నని,
నన్ను ఊరుకోబెట్టడానికే
ఆయన ఆ పెట్టె కొన్నాడని.
ఎలిసో నవ్వలేదు.
పెట్టె మొత్తం ఎత్తుకుపోయింది.

ఎండు వంతెన సంతలో గీతలు పడ్డ రికార్డులు ఏరేది:
ట్రాక్టరు కార్మికుల బృందగానం,
పిట్టల కూతలు నేర్పే పాఠం,
ఏ భాషో తెలియని జోలపాట.
"ఒక్క పని మీద నిలవదు" అన్నాడు కింది ఇంటి గురామ్.
"గుడ్డ అదే, విప్పి మళ్ళీ కుట్టుకుంటోంది" అన్నాను.
అన్నాను గానీ నాకూ అంత నమ్మకం లేదు.

డెబ్బై నిండిన మర్నాడు తీసుకెళ్ళింది,
మూతపడ్డ పట్టు మిల్లు నేలమాళిగకి.
ముక్కుకి రింగున్న కుర్రాడెవరో కుర్చీ వేశాడు.
వెయ్యిమంది దర్జీలు ఒక్కసారే
మిషన్లు తొక్కుతున్నంత చప్పుడు.
ఎలిసో తన హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు పెట్టింది.

అందులో వేరే పాట.
గదిలో ఇంకెవరికీ వినపడని పాట.
వాళ్ళంతా ఇప్పుడున్నదాంట్లో ఊగుతుంటే
ఆమె రాబోయేదాన్ని చెవి దగ్గర పెట్టుకుని
రెండు అంచులూ దగ్గరికి లాగుతోంది,
చూపుడు వేలితో.
కళ్ళు చికిలించి చూశాను, చెవులు రిక్కించి విన్నాను.
యాభై ఏళ్ళ నుంచీ కుడుతున్నదాన్ని,
కుట్టు ఎక్కడ పడిందో
నాకే దొరకలేదు.

తెల్లారి పొయ్యిలోంచి తీసిన రొట్టె
కాగితంలో చుట్టుకుని మా తలుపు కొట్టింది.
"టేపు తియ్యి."
నడుము ఎనభై మూడు. పెన్నుతోనే రాయమంది.
నల్ల కోటు కావాలి, జేబులతో.
"ఎన్ని?"
"గుడ్డ ఎన్నింటికి సరిపోతే అన్ని."
"అన్నెందుకే?"
"సూదులకి. రొట్టెకి. లిఫ్టు చిల్లరకి."

లిఫ్టు పాడై నెలయింది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
సుద్దముక్క తీసి గుడ్డ మీద గీత గీశాను.