కారణం గడి

ప్రతి నెలా పదో తారీకులోగా
ఢిల్లీకి ఒక ఫారం వెళ్లాలి.
తయారైంది ఎంత, అమ్మింది ఎంత,
పోయిన నెల మీద ఎక్కువా తక్కువా.
చీమకుర్తిలో మా పాలిష్ ఫ్యాక్టరీ తరఫున
పదకొండేళ్లుగా నింపేది నేనే.

ఆగస్టులో కోసింది తొమ్మిది వేల చదరపు మీటర్లు.
కదిలింది మూడు వేల ఎనిమిదొందలు.
మిగతా పలకలు షెడ్డు వెనక
ఎండలో చేరగిలబడి ఉన్నాయి.
ఆ నల్లరాతిలో
పట్టపగలే చుక్కలు.

చివర్న ‘తేడాకు కారణం’ అని ఒక గడి.
వేలెడంత.

రెండో షిఫ్టు ఆపేసిన కాణ్ణించీ
రంపం రొద లేక
నిద్దర పట్టటంలా అంటాడు చినమాలకొండయ్య.
ఒడిశా కుర్రాడు దీనబంధు
పరుపు చుట్టుకుని ఒంగోలు స్టేషన్‌కి ఆటో ఎక్కాడు,
హాజరుపట్టీలో వాడి పేరు ఇంకా కొట్టెయ్యలేదు.
గేటు ముందు టీకొట్టు మస్తానమ్మ
రెండు లీటర్ల పాలు తగ్గించుకుంది,
జూలైలోనే.
నా ఫారం కన్నా నెల ముందు.

‘గిరాకీ మందం అని రాసెయ్యమ్మా’ అన్నాడు యజమాని.
రాసేశాను. గడిలో ఇంకా చోటు మిగిలింది.

తర్వాత పేపర్లో చూశాను:
దేశం మొత్తం మీద తయారీ
సున్నా పాయింటు నాలుగు శాతం పెరిగిందట.
మేం ఎందులో ఉన్నట్టు?
సున్నా పక్కన ఆ చుక్క మీద
వేలు పెట్టి కాసేపు ఆగాను.

ఇవాళ పొద్దున మస్తానమ్మ
అర లీటరు ఎక్కువ పోయించుకుంది.
ఎందుకని అడగలేదు.
టీ మాత్రం రెండుసార్లు తాగాను.