జిల్లేడు మిడత

యార్డుకి వేసవి సెలవులిచ్చిన నాలుగో రోజు
కోల్డ్ స్టోరేజీ వెనక ఖాళీ జాగాలో
జేసీబీ తిరిగింది.
కంప పోయింది, పగిలిన సీసాలు పోయాయి.
"నీ కొంపలో జిల్లేళ్లు మొలవ" అని
ఎవరు ఎవర్ని తిడితే మొలిచాయో,
ఆ రెండు జిల్లేళ్లూ పోయాయి.

మిగిలింది ఇది.
పసుపు మీద నీలం చారలు,
తిరనాళ్లలో కొన్న లక్కబొమ్మలా.
పునాదికి దింపిన ఇనుపచువ్వ మీద కూర్చుని
మీసాలు కదుపుతోంది.

నాకూ పనేం లేదు.
గోంగూర రెమ్మ పెట్టాను, ముట్టలేదు.
మునగాకు పెట్టాను. వేపచిగురు పెట్టాను.
ఏసుపాదం మేక నోట్లోంచి లాక్కొచ్చి
అవిసాకు కూడా పెట్టాను.
వాటి మీదుగా నడిచిపోయింది,
తెలియని ఊరి బస్టాండులో
బోర్డులు చదవలేనివాడు నడిచినట్టు.

"విషం తిని పెరిగినదానికి
కూరాకేం సయిస్తదిరా" అంది రాహేలమ్మత్త.

మూడోపెళ్లివాడు
ముందు జిల్లేడుకి తాళి కట్టి
వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు.
దీనికి ఆ తెలివి లేదు.

మేస్త్రీ నిన్న ఫోన్ చేశాడు.
బెజవాడలో ఏదో షాపు ముందు కాపలా,
ఏసీ గాలి తలుపు తీసినప్పుడల్లా తగులుద్ది, పోతావా అని.
పోయాను ఒక ఏడు.
మూడో రోజుకే ఊపిరాడలేదు.
ఇరవై రెండేళ్లు తేజా బస్తాలు మోసిన ముక్కు ఇది.
అక్కడ జనం
ఒక్క తుమ్మన్నా లేకుండా
గంటలు గంటలు మాట్లాడుకుంటారు.

పొద్దు వాలాక
టిఫిన్ డబ్బా మూతకి మేకుతో బెజ్జాలు కొట్టి
దాన్ని అందులో పెట్టి
సైకిలు తొక్కాను నల్లపాడు రైలుకట్ట దాకా.
దారంతా లోపల టకటక.
డబ్బాకి కారం వాసన పోదు, ఎన్నిసార్లు తోమినా.
పాపం అదెట్లా ఓర్చుకుందో.

కట్ట పక్కన కంకరలో
బూడిదరంగు ఆకులు, వంకాయరంగు పూలు.
కొమ్మ వంచితే ఆకు ఒకటి తెగింది.
పాలు నా వేళ్ల పగుళ్లలోకి దిగాయి.
మండింది. మంట నాకు కొత్తా?

అది మాత్రం
అడుగు తీసి ఆకు మీద వేసి
ఆగి
ఇంకో అడుగు వేసి
అంచు కొరకడం మొదలుపెట్టింది.

గూడ్సు ఒకటి వచ్చింది.
యాభై పెట్టెలు లెక్కపెట్టి వదిలేశాను.
చెట్టంతా ఊగింది.
అది తినడం ఆపలేదు.

యార్డు తెరవడానికి
ఇంకా ఇరవయ్యారు రోజులు.